పలుచని పొర సౌర ఫలకాలు

గాజు లేదా లోహపు రేకు మీద అర్ధవాహక పదార్థాన్ని అతి పలుచగా పూసి తయారుచేసే సౌర ఫలకాలను పలుచని పొర సౌర ఫలకాలు అంటారు. సాధారణ సిలికాన్ బిళ్ళ మందం సుమారు 150 మైక్రాన్లు కాగా, వీటిలో ప్రధానమైన కాడ్మియం టెల్లూరైడ్ పొర 2-3 మైక్రాన్లు ఉంటే చాలు.

ముడిసరుకు ఆదాయే వీటి మూలబలం. 2008లో శుద్ధ సిలికాన్ ధర కిలో 400 డాలర్లు దాటినపుడు ఈ పరిశ్రమ వేగంగా పెరిగింది. ఆ తరువాత ధర పడిపోవడంతో పలు సంస్థలు మూతపడ్డాయి. అమెరికాలోని సోలిండ్రా 2011లో దివాలా తీసింది. నిలదొక్కుకున్న ఫస్ట్ సోలార్ 2024 జనవరిలో చెన్నై సమీపాన 3.3 గిగావాట్ల వార్షిక సామర్థ్యం గల కర్మాగారాన్ని ప్రారంభించింది.

దివిసీమ చివర సముద్రతీరాన ఉన్న పాలకాయతిప్ప వంటి వేడి ప్రాంతాలకు ఇవి అనువైనవని చెబుతారు. ఫలకాల సామర్థ్యాన్ని 25 డిగ్రీల వద్ద కొలుస్తారు. ఎండకు ఫలకం 65 డిగ్రీలకు చేరితే పాతరకం సిలికాన్ ఉత్పత్తి సుమారు 16 శాతం, కాడ్మియం టెల్లూరైడ్ ఉత్పత్తి 12 శాతం తగ్గుతుంది. అయితే కొత్తరకం సిలికాన్ ఫలకాలు ఈ తేడాను దాదాపు చెరిపివేశాయి.

స్థలం విషయంలో మాత్రం సిలికాన్‌దే పైచేయి. ఒక కిలోవాట్‌కు 22 శాతం సామర్థ్యం గల సిలికాన్ ఫలకాలకు 4.5 చదరపు మీటర్లు, 19 శాతం గల పలుచని పొరకు 5.3 చదరపు మీటర్లు కావాలి. వరిచేలు, రొయ్యల చెరువుల నడుమ ఇది చిన్న తేడా కాదు. పైగా 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన తీరమిది. ఉప్పుగాలికి తుప్పు పట్టని చట్రాలు, తుఫానుకు కదలని పునాదులు తప్పనిసరి. వైశాల్యంతోపాటు ఆ ఖర్చూ పెరుగుతుంది.

టెల్లూరియం ప్రధానంగా రాగి శుద్ధిలో ఉపఉత్పత్తిగా లభిస్తుంది కనుక కోరినంత పెంచడం సాధ్యం కాదు. కాడ్మియం విషలోహం, పగిలిన ఫలకాలను చెరువుగట్ల మీద పారవేయకుండా తయారీదారు వెనక్కు తీసుకొనే ఏర్పాటు ఉండాలి.