పాత నాణేల యంత్రాలు – వాటి తాళాల మరమ్మతు

మేము ఇక్కడ ప్రస్తావించబోయే యంత్రం జూదానికి సంబంధించినది. జూదాన్ని సమర్థించడం మా ఉద్దేశం కాదని ముందే మనవి చేసుకుంటున్నాము. మమ్మల్ని ఆకర్షించినది ఆ యంత్రానికి బిగించిన తాళం. తాళమనగానే అలీగఢ్ స్ఫురించే మన పాఠకులకు, అమెరికాలో ఒక చిన్న తాళం ఎంతటి బాధ్యతను మోసిందో తెలుసుకోవడం ఆసక్తికరంగా ఉండగలదు.

1890 దశకంలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, బవేరియా నుండి వలస వచ్చిన చార్లెస్ ఫే అనే యంత్రనిపుణుడు మూడు చక్రాలుగల 'లిబర్టీ బెల్' యంత్రాన్ని నిర్మించాడు. నాణెం వేసి పిడిని లాగితే చక్రాలు తిరుగుతాయి. బొమ్మలు కలిస్తే ఆడినవానికి లాభం. ఫే ఈ యంత్రాలను సారాయి దుకాణాలలో ఉంచి, వచ్చిన సొమ్మును దుకాణదారునితో చెరిసగం పంచుకునేవాడు. తాళానికి ప్రాధాన్యం ఇక్కడే ఏర్పడింది. యంత్రం ఒకరిది, చోటు వేరొకరిది; ఇద్దరి నడుమ జామీనుగా నిలిచినది ఆ ఇత్తడి ముక్క! అనంతరం షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ వంటి సంస్థలు ఇటువంటివాటిని విస్తారంగా తయారుచేశాయి. సాధారణంగా వెనుక తలుపునకు తాళం ఉండేది. డబ్బు పెట్టెకు విడిగా తాళం ఉన్న యంత్రాలూ కలవు.

తాళంచెవి యంత్రంతోపాటు దుకాణంలో ఉండక యజమాని జేబులో ఉండడం సహజం. కాలక్రమేణా నిషేధాలు వచ్చాయి. 1934లో న్యూయార్క్ మేయర్ లా గార్డియా స్వయంగా సమ్మెట పట్టి యంత్రాలను పగులగొట్టాడు. 1951 నాటి జాన్సన్ చట్టం, అనుమతించిన రాష్ట్రాలకు తప్ప, వీటి అంతర్రాష్ట్ర రవాణాను నిషేధించింది. దాచిన యంత్రాలు అటకలెక్కాయి, చెవులు ఎక్కడో పోయాయి. నేడు అక్కడి అనేక రాష్ట్రాలు నిర్ణీత వయస్సు దాటిన యంత్రాలను పురాతన వస్తువులుగా ఇంట ఉంచుకోనిస్తున్నాయి. కనుక చెవిలేని తాళాలు నేడు మరమ్మతుదారుల చేతికి వస్తున్నాయి.

బరమాతో తాళానికి బెజ్జం వేస్తే పని త్వరగానే ముగుస్తుంది. కాని పోయిన అసలు తాళం తిరిగి రాదు. అంతకన్న ప్రమాదమేమనగా, ఇత్తడి పొట్టు లోపలికి రాలి, చక్రాలు ఆగే వేళను నియమించే గడియారపు పళ్ళలో చిక్కుకుంటుంది. తాళం తెరవబోయి యంత్రాన్ని చెడగొట్టుకున్నట్లే. మా అభిప్రాయంలో బరమా చిట్టచివరి ఉపాయం మాత్రమే.

ఓపికగలవాడు మొదట తాళం ముఖాన్ని పరిశీలిస్తాడు. దానిపై అంకెలు చెక్కి ఉంటే, వాటి ఆధారంగా చెవి కొలతలు దొరకవచ్చు. లేనిచో తాళం స్వభావాన్ని ఎరగాలి. లైనస్ యేల్ 1861లో పేటెంటు పొందిన పద్ధతిలో, రెండేసి ముక్కలుగా ఉన్న సన్నని పిన్నులను స్ప్రింగులు కిందికి నొక్కుతుంటాయి. సరియైన చెవి దూరినప్పుడు ముక్కల సంధులన్నీ ఒకే గీతపైకి వచ్చి లోపలి స్తంభం తిరుగుతుంది. ఈ సూత్రానికి పూర్వరూపం ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాలలోనే ఉన్నది. కొన్ని తాళాలలో పిన్నులకు బదులు పలుచని రేకులుంటాయి.

పళ్ళు కోయని ఖాళీ చెవిని దూర్చి, తిప్పబోతున్నట్లుగా బిగబట్టి, మెల్లగా పైకీ కిందికీ కదిలిస్తారు. ఎత్తు సరిపడని పిన్ను చెవి అంచున సూదిమొనంత మచ్చ వేస్తుంది. మచ్చ పడినచోట ఆకురాయితో కొద్దిగా రాచి, మళ్ళీ దూరుస్తారు. ఒకచోట మచ్చ పడడం మానితే ఆ పిన్ను తన స్థానానికి చేరిందన్నమాట. ఒక్క రాపిడి ఎక్కువైతే చెవిని పారవేసి మొదటినుండి ఆరంభించవలసిందే. ఇందులో కంటికి, వేలికి ఉన్న పని బలానికి లేదు.

పాత చెవి దొరికినంతమాత్రాన చిక్కు తీరదు. అరిగిన చెవికి నకలు తీస్తే అరుగుదలకూ నకలు వస్తుంది! పిన్నులను బయటికి తీసి, వాటి పొడవులనుబట్టి కొత్తది కోయడమే మేలు. విప్పిన తాళాన్ని కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, తుప్పు పట్టిన స్ప్రింగులు మార్చి, గ్రాఫైటు పొడి చల్లాలి. నూనె వేస్తే దుమ్ము చేరి కొన్నేళ్ళకు జిగురవుతుంది. కొత్త చెవులు రెండు కోసుకోవడం మంచిది. రెండవదానిని భద్రత కోసమని యంత్రం లోపలే పెట్టి తలుపు వేయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.