గాలం పట్టుకుని ఘాటెక్కుతున్నారా?

అరకులోయ: పరీక్షలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. పల్లపు గ్రామాల్లో చెరువులు అడుగంటి, పొలం కాలవల్లో పిల్లలు క్రికెట్ ఆడుకునే రోజులు వచ్చేస్తాయి. గాలం సరదా ఉన్న ఎస్.కోట, కొత్తవలస, దేవరాపల్లి కుర్రకారుకు అప్పుడు గుర్తొచ్చేవి కొండమీది గెడ్డలు. నలుగురూ కలిసి, రెండు మోటారు సైకిళ్లు మాట్లాడుకుని, సంచిలో గాలం, దారం, నాలుగు రొట్టెలు వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కేస్తే చాలనుకుంటారు. చాలదు. చెరువు గట్టున పనికొచ్చిన తెలివి కొండ ఏటి దగ్గర సగానికి సగం అక్కరకు రాదు.

ముందుగా ఏ ఏటికి వెళ్లాలన్నది తేల్చుకోవాలి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహలను తడుపుకుంటూ వచ్చి, కటికి దగ్గర జలపాతమై దూకి, తాటిపూడి రిజర్వాయరులో చేరి, భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరం తాగే నీళ్లలో ఈ ఏటి పాలు కూడా ఉంది. డుంబ్రిగుడ వైపు వెళ్తే చాపరాయి దగ్గర నీరు పలకలాంటి బండ మీద జారుతూ పోతుంది. చూడటానికి ఎంతో బాగుంటుంది గాని గాలానికి అది చోటు కాదు. అక్కడ చేపల కంటే మనుషులు ఎక్కువ. ఇంకా అవతల ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ ఉంది. జోలాపుట్ జలాశయం, డుడుమ జలపాతం, 1955లో మొదలైన జలవిద్యుత్ కేంద్రం ఆ నది మీదివే. జలాశయాల్లో చేపల మీద సహకార సంఘాలకు, లైసెన్సుదారులకు హక్కులుంటాయి. అడగకుండా గాలం వేస్తే పేచీ తప్పదు.

ఈక ఎర సంగతి

పట్నం నుంచి వచ్చేవారిలో కొందరు ఈమధ్య 'ఫ్లై ఫిషింగ్' మాట ఎత్తుతున్నారు. విదేశాల్లో కొండ నదుల మీద వేసవి వచ్చిందంటే ఇదో పెద్ద యాత్ర. వానపాము, పిండి ముద్ద ఏవీ ఉండవు. చిన్న గాలానికి కోడిపుంజు మెడ ఈకను దారంతో చుట్టి, పురుగు వాలినట్టు కనిపించేలా చేస్తారు. మన గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో బరువంతా దారానిదే, ఎర ఈకంత తేలిక. కర్రను వెనక్కీ ముందుకూ ఆడించి, ఆ బరువు దారాన్ని గాలిలో చాపి, ఎరను నీటి మీద పువ్వు రాలినట్టు వదలాలి. జీలుగు బెండు వంక కళ్లప్పగించి కూర్చునే అలవాటున్నవాడికి ఈ విద్య వారం రోజుల్లో పట్టుబడేది కాదు. వెనక చెట్టుకొమ్మకు గాలం తగులుకోవడంతోనే మొదటి రోజు గడిచిపోతుంది.

ఈ విద్యతో తెల్లవారు పట్టేది ట్రౌట్ అనే చల్లనీటి చేప. దాన్ని మన దేశానికి తేవాలని ఫ్రాన్సిస్ డే అనే వైద్యాధికారి 1863లోనే నీలగిరిలో ప్రయత్నం చేసి విఫలమయ్యాడు. చివరకు 1907లో అక్కడి అవలాంచిలో పిల్లల కేంద్రం పెట్టి నిలబెట్టారు. కశ్మీరుకు స్కాట్లండు నుంచి గుడ్లు వచ్చాయి. మరి అరకులో ఎందుకు లేదు? ఊటీ సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన ఉంది. అరకులోయ తొమ్మిది వందల మీటర్ల దగ్గర ఉంది. నీటి వేడి ఇరవై డిగ్రీలు దాటిన కొద్దీ ట్రౌట్‌కు ఊపిరాడదు. మన గెడ్డ ఎంత చల్లగా తోచినా ఏప్రిల్, మే నెలల్లో ఆ చేపకు అది ఉడుకు నీళ్లే.

అందుకని ట్రౌట్ కల మానుకుని రావాలి. ఇక్కడ గాలానికి తగిలేవి పరిగెలు, జెల్లలు, లోతు మడుగుల్లో కొర్రమీను, రాతి సందుల్లో బొమ్మిడాయిలు. ఇందులో పరిగె ఈక ఎరకు లొంగే చేపే. పొద్దువాలే వేళ నీటి మీద వాలిన పురుగును చటుక్కున అందుకోవడం దాని స్వభావం. అరచేయంత పరిగెను సన్నటి కర్రతో లాగినవాడికి ఆ సరదా తెలుస్తుంది. కొర్రమీనుకు మాత్రం కప్పపిల్లే కావాలి, ఈకలను అది పెద్దగా ఖాతరు చేయదు.

మడుగులో మిగిలినవి

వేసవిలో గెడ్డ సన్నబడుతుంది. బండల మీద పారే నీరు తగ్గిపోయి, అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. ఏటి పొడవునా ఉండవలసిన చేపలన్నీ ఆ నాలుగు మడుగుల్లో ఇరుకుగా తలదాచుకుంటాయి. పట్టేవాడికి ఇదే అదను, చేపకు ఇదే గండం. తొలకరికి ఎదురీది, పైకి వెళ్లి గుడ్లు పెట్టవలసిన తల్లి చేపలు కూడా అందులోనే ఉంటాయి. ఒక్క మడుగు ఖాళీ అయితే ఆ మేరకు ఏటికి వచ్చే ఏడాది పిల్లే లేదు.

బ్లీచింగు పొడి ఘోరం ఇక్కడే. కిలో పొడి గుడ్డలో కట్టి మడుగులో కలిపితే నిమిషాల మీద చేపలు తెల్లగా పైకి తేలుతాయి. పెద్దవి ఏరుకుపోతారు. వేలెడంత పిల్లలు, పీతలు, కప్పపిల్లలు, చేప తినే నీటి పురుగులు అక్కడే చచ్చి కుళ్లుతాయి. కింద గూడెంలో ఆడవాళ్లు అదే గెడ్డలో బిందె ముంచుతారు. కుళాయి లేని గూడేలకు వేసవిలో ఊట, గెడ్డ తప్ప వేరే దిక్కు లేదు. పశువులు తాగేదీ ఆ నీళ్లే.

కొండవాళ్లు మంగకాయలు నలిపి మడుగులో వేయడం కూడా పాత పద్ధతే, అదీ విషమే కదా అని వాదించేవారున్నారు. నిజమే. అయితే అది ఊరంతా కలిసి, ఎప్పుడో ఒకసారి, తమ తిండికి చేసే పని. వారికి మామూలుగా పనికొచ్చేవి రాళ్లు అడ్డం పెట్టి నీరు మళ్లించడం, వెదురు మావులు, ఊతలు, గంపలు. రాత్రికి రాత్రి పొడి చల్లి మూటకట్టుకుపోయే పనికీ దీనికీ పోలిక లేదు. గెడ్డలో చేప తగ్గిన గూడెంవాళ్లు సంతలో తీరం నుంచి వచ్చిన ఎండు నెత్తళ్లు డబ్బిచ్చి కొనుక్కోవాలి.

చట్టం లేక కాదు. నీటిలో మందుగుండు పేల్చి గాని, విషం కలిపి గాని చేపలు పట్టడం నేరమని 1897లోనే మత్స్య చట్టం చెప్పింది. అందులో అప్పట్లో రాసిన శిక్ష రెండు నెలల వరకు జైలు, లేదా రెండు వందల రూపాయల వరకు జరిమానా. 1897లో రెండు వందలంటే జతల కొద్దీ ఎద్దుల ఖరీదు. ఆ అంకె ఇప్పుడెవరిని భయపెడుతుంది?

ఎవరిని అడగాలి?

రిజర్వు అడవి హద్దులో అటవీశాఖ అనుమతి కావాలి. అంతకంటే ముందు అడగవలసింది ఆ గెడ్డ ఒడ్డునున్న ఊరిని. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చేపలను, ఇతర నీటి ఉత్పత్తులను గ్రామ సమష్టి హక్కుల్లో చేర్చింది. 1996 నాటి పెసా చట్టం ఏజెన్సీలో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలదని చెప్పింది. సర్పంచినో, ఊరి పెద్దనో కలిసి ఫలానా ఊరివాళ్లం, గాలం వేసుకుంటాం, పొడీ గిడీ లేదు అని చెప్పుకుంటే కాదనేవారు తక్కువ. పైగా ఏ మడుగు లోతో, ఏ బండ జారుతుందో చూపించే మనిషి కూడా దొరుకుతాడు. అతనికి రోజు కూలి ఇవ్వడం మర్యాద. చైత్రంలో ఇటుకల పండుగ రోజులైతే ఊళ్లో మగవాళ్లు వేటకు వెళ్లి ఉంటారు, అప్పుడు వెళ్లకపోవడమే మేలు.

రైలా, బండా?

కిరండూల్ పాసింజరులో సొరంగాలు చూసుకుంటూ వెళ్లడం సరదాయే. కాని అది బొర్రా, అరకు చేరేసరికి పొద్దెక్కిపోతుంది. ఎండ పడ్డాక చేప అడుగుకు దిగిపోతుంది, గాలం వేసినవాడు చెట్టునీడ వెతుక్కుంటాడు. చేపకు మంచి వేళలు రెండే: తెల్లవారి మంచు విడవకముందు, సాయంత్రం పొద్దు కొండ దిగాక. అందుకని ముందురోజే వెళ్లి రాత్రి అరకులోనో, అనంతగిరిలోనో బస చేయాలి. దోమతెర తప్పకుండా తీసుకెళ్లాలి, ఏజెన్సీలో మలేరియా తక్కువ జబ్బు కాదు.

మధ్యాహ్నం దాటాక పైకి చూస్తుండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండల మీద ఉన్నట్టుండి ఉరుములు, పిడుగులతో జల్లు కురవడం మామూలే. మనమున్న చోట చినుకు పడకపోయినా ఎగువన కురిసిన వాన గెడ్డలోకి దూసుకొస్తుంది. నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా కర్ర వదిలేసి గట్టెక్కాలి. ఉరిమితే ఆ కార్బన్ కర్రను ఎత్తి పట్టుకోవడం పిడుగును పిలవడమే. విహారానికి వచ్చి జలపాతాల మడుగుల్లో మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు ఈ పేజీకి కొత్త కావు. నాచు పట్టిన బండ మీద చెప్పుల కంటే వట్టి కాళ్లు నయం. మందు సీసా ఉన్న జట్టుతో అసలు వెళ్లకపోవడం ఇంకా నయం.

గాలం ములుకును పట్టకారుతో నొక్కి చదును చేసి తీసుకెళ్తే చిన్న చేపను గాయం కాకుండా వదలవచ్చు. వదిలేముందు చేయి తడుపుకోవాలి, పొడిచేయి తగిలితే చేప ఒంటి జిగురు ఊడిపోతుంది. నాలుగు పరిగెలు ఉంచుకుంటే చాలు. ఉప్పూ కారం రాసి, అడ్డాకులో చుట్టి, నిప్పుల మీద పెడితే ఆకు మాడేలోగా చేప ఉడుకుతుంది. దారం ముక్కలు, ప్లాస్టిక్ సంచులు తిరిగి సంచిలో వేసుకుని దిగాలి. ఈ సరదా అంతా ఉగాదికీ మృగశిర కార్తెకూ మధ్యనే. తొలి వానకు గెడ్డ నిండి, కడుపుతో ఉన్న చేప ఎదురెక్కడం మొదలైతే గాలాన్ని అటకెక్కించేయాలి.