బాలింత దిగులు - గ్రామము చేయదగిన సాయము

కృష్ణా డెల్టా పల్లెలలో పురుడనగా ఇంటిల్లిపాదికి పండుగ. బాలింతరాలికి పథ్యము పెట్టుదురు, కాయము తినిపింతురు, చెవులలో దూది పెట్టి చలిగాలి తగులకుండ కాపాడుదురు. శరీరమునకు ఇన్ని జాగ్రత్తలు తీసికొను మన ఇండ్లలో ఆమె మనసెట్లున్నదని అడుగువారు మాత్రము అరుదు. ఆ కారణముచేతనే ప్రసవానంతరము కొందరు తల్లులకు కలుగు దిగులు అను వ్యాధి ఎవరి కంటను పడక పోవుచున్నది. దానిని గురించియు, దాని నుండి కోలుకొను విధమును గురించియు పంచాయతీ సభ్యులకు కొన్ని సంగతులు విన్నవింపదలచితిమి.

కాన్పయిన మూడవనాడో నాలుగవనాడో చాలమంది తల్లులకు ఊరక కన్నీరు వచ్చును. చిన్నమాటకే మనసు నొచ్చుకొనును. ఇది సహజము. రెండు వారములలో తనంతట తానే తగ్గిపోవును. ఆ గడువు దాటియు తగ్గనిచో వ్యాధిగా ఎంచవలెను. బిడ్డ నిద్రించుచున్నను తల్లికి నిద్ర రాదు. అన్నము సహింపదు. మునుపు ఇష్టమైన దేదియు ఇష్టము కాదు. బిడ్డను చూచిన సంతోషము కలుగుటలేదని లోలోపల భయపడును. తాను చెడ్డతల్లినని తన్ను తాను నిందించుకొనును. కొందరికి చనిపోవలెనన్న తలంపు కూడ కలుగును. ఇంటివారు దీనిని పొగరనియో, సోమరితనమనియో అందురు. లేనిచో దిష్టి తగిలినదనియు, గాలి సోకినదనియు చెప్పుకొందురు. తాయెత్తు కట్టినందువలన హాని లేకపోవచ్చును గాని, దానిని నమ్ముకొని గడపిన వారములు మరల రావు.

ఇది అరుదైన వ్యాధి యని తలపవలదు. మన దేశములో జరిగిన 38 పరిశీలనలను, 20,000 మందికి పైగా తల్లుల వివరములను కూర్చి చూచిన సమీక్ష యొకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినది. దాని ప్రకారము నూటికి 22 మంది తల్లులకు ఈ దిగులు కలుగుచున్నది. సంవత్సరమునకు 50 కాన్పులగు పంచాయతీలో ఈ లెక్కన పది పదునొకండు మంది ఉందురు. వారి పేర్లు సభ్యులకు తెలిసి యున్నవా?

కారణములు పలు తెరగులు. కాన్పుతో శరీరములోని కొన్ని రసములు ఒక్కసారిగా తగ్గును. నెలల తరబడి నిద్ర చాలదు. రక్తహీనతయు, థైరాయిడ్ గ్రంథి దోషమును ఇట్టి లక్షణములనే చూపవచ్చును గనుక రక్తపరీక్ష చేయించుట మేలు. ఇంటి పరిస్థితులును తక్కువవి కావు. భర్త కొట్టుట, ఆదుకొనువారు లేకపోవుట, పేదరికము వ్యాధిని పెంచును. గోవాలో తల్లులను పరిశీలించి 2002లో ప్రకటించిన వ్యాసములో, ఆడపిల్ల పుట్టుట కూడ దిగులును పెంచు కారణములలో ఒకటిగా తేలినది. ఆడపిల్ల పుట్టినదని ముఖము ముడుచుకొను ఇండ్లు మన ప్రాంతములో లేవని మేము చెప్పజాలము.

మరియొక స్థితి కలదు. కాన్పయిన మొదటి వారములలో తల్లి తికమకగా మాటలాడుట, లేని ధ్వనులు వినుచున్నానుట, రాత్రులు అసలే నిద్రింపకుండుట, బిడ్డను గురించి వింత నమ్మకములు పెట్టుకొనుట వంటివి కనిపించినచో అది తీవ్రమైన మతిభ్రమణము. వేయి కాన్పులలో ఒకటి రెండింటనే కనిపించును గాని, ఒక్క పూటయు జాగు చేయరాదు. తల్లిని గాని బిడ్డను గాని ఒంటరిగా విడువక నాడే ఆసుపత్రికి చేర్పవలెను.

సామాన్యమైన దిగులునకు చికిత్స ఉన్నది, కోలుకొనువారే ఎక్కువ. ఓపికతో వినుచు, మంచి ఆలోచన చెప్పు మనిషి తోడు మొదటి మందు. 2008లో ప్రకటితమైన ఒక ప్రయోగమును ఇచట పేర్కొనవలెను. పాకిస్తానములోని రావల్పిండి పల్లెలలో వైద్యులు గాక, గ్రామ ఆరోగ్య కార్యకర్తలే కొద్ది శిక్షణ పొంది దిగులుతో ఉన్న తల్లుల ఇండ్లకు పలుమారులు పోయి మాటలాడిరి. ఆరు నెలలకు అట్టి సాయము పొందిన తల్లులలో నూటికి 23 మందికి మాత్రమే వ్యాధి మిగిలినది. ఆ విధమైన సాయము పొందనివారిలో 53 మందికి మిగిలినది. మాటలతో తగ్గనిచో మందులు కలవు. పాలిచ్చు తల్లి కూడ వాడదగిన మందులున్నవి. వైద్యుడు చూచి ఇచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు అవసరమని తలచినచో బందరులోని ప్రభుత్వ ఆసుపత్రికి పంపును.

రావల్పిండిలో జరిగిన పని మనకు అసాధ్యము కాదు. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో పోవలసియే యున్నది. ఆ ఆరు మారులును బిడ్డ బరువు, బొడ్డు, పాలు చూచుటతోనే సరిపోవుచున్నది. తల్లిని రెండు ప్రశ్నలు అడుగుటకు అధికవ్యయమేమియు లేదు: ఈ మధ్య మనసు క్రుంగియున్నదా? దేనిమీదను ఆసక్తి లేకున్నదా? అయితే ఏకాంతముగా అడుగవలెను. అత్తగారు గడపలో నిలిచియుండగా అడిగినచో ఏ కోడలైనను బాగానే ఉన్నానండి అనియే చెప్పును.

మన ఆచారమువలన మరియొక చిక్కు కలదు. తొలికాన్పు పుట్టింట జరుగును. గుడివాడ దగ్గరి కోడలు నాగాయలంక దగ్గరి పుట్టింట పురుడు పోసికొని, మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డతో అత్తవారింటికి పోవును. పుట్టినూరి ఆశా కార్యకర్త 42 దినములతో తన పని ముగించును. అత్తవారి యూరి కార్యకర్తకు ఈమె సంగతి తెలియదు. దిగులు మొదటి సంవత్సరములో ఎప్పుడైనను మొదలుకావచ్చును. తల్లి కన్నతల్లిని విడిచి వచ్చిన ఆ నెలలే తరచుగా కష్టమైనవి. జననము 21 దినములలో నమోదు కావలెను గదా. ఆ సమయముననే తల్లి ఏ యూరికి ఎప్పుడు పోవునో వ్రాసికొని ఆ యూరి పంచాయతీకి తెలియజేసినచో ఈ తెగిన దారము అతుకుకొనును.

కన్నీరాగి వంట చేయుచున్నంత మాత్రమున ఆమె కోలుకొన్నదని మేము భావింపము. నిన్నటివరకు ఆమెకు ఒక పేరుండెను. నేడు అందరికి చంటివాని తల్లి. పెడనలో కలంకారి అచ్చువేసిన చేయి, చిలకలపూడి నగలకు రాళ్లు పొదిగిన చేయి, పొదుపు సంఘపు లెక్కలు వ్రాసిన చేయి ఒక్కసారిగా ఆగిపోవును. అమెరికా మానవశాస్త్రవేత్త డానా రాఫెల్ 1973లో తల్లిగా మారు ఈ దశకు ప్రత్యేకముగా ఒక పేరు పెట్టెను. యుక్తవయసు వచ్చునపుడువలెనే ఇందును శరీరము, మనసు, ఇంటిలోని స్థానము అన్నియు మారును. కుదురుకొనుటకు కాలము పట్టును.

మన ప్రాంతపు స్త్రీ యొకరి జీవితము ఇచట జ్ఞప్తికి వచ్చుచున్నది. 1918లో పామర్రులో జన్మించిన కొండపల్లి కోటేశ్వరమ్మగారికి ప్రసవానంతర వ్యాధి కలిగెనని మేము చెప్పుటలేదు. ఇద్దరు బిడ్డల తల్లియై, భర్తకు దూరమైన పిమ్మట, ముప్పదియేండ్లు దాటిన ప్రాయమున ఆమె బిడ్డలను తన తల్లి పోషణలో ఉంచి, హైదరాబాదులోని ఆంధ్ర మహిళాసభలో చేరి మెట్రిక్ చదివెను. కాకినాడలో బాలికల వసతిగృహమున ఉద్యోగము చేసి తన కాళ్లపై నిలిచెను. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వెలువడినది. 2018లో నూరేండ్లు నిండి మరణించెను. ఆమె మరల చదువుటకు వీలు కలిగించినది బిడ్డలను చూచుకొన్న ఆ అమ్మమ్మ. పల్లెలోని బాలింతరాలికిని కావలసినది అట్టి తోడే: దినమునకు ఒక గంట బిడ్డను పట్టుకొనువారు, రాత్రి ఒక జాము మేలుకొను భర్త.

పొదుపు సంఘములలో బాలింతరాలి స్థానమును ఆరు నెలలు నిలిపి యుంచి, బిడ్డతో సమావేశమునకు రమ్మనవచ్చును. మానినవారి పేరు కొట్టివేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. సభ్యులు దానిని మాన్పింపవలెను. పంచాయతీ ఆరోగ్య సంఘము కూడినపుడు ఎన్ని కాన్పులైనవని అడుగుటతోపాటు ఎందరు తల్లులను రెండు ప్రశ్నలు అడిగితిరని కూడ అడుగవచ్చును. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సంఖ్య 14416. రేయింబవళ్లు, ఖర్చు లేకుండ, తెలుగులో మాటలాడవచ్చును. ఎదురుమొండి వంటి లంక గ్రామములకు ఇది మరింత ఉపయోగము. ఆ సంఖ్యను అంగన్‌వాడీ గోడమీద, తల్లులు కూర్చుండు వైపున, పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.