చదువు కోసం చేసిన అప్పు: మాఫీ ఎవరి చేతిలో ఉంది?

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై దరూద్ పంపిన తరువాత, ఈ జుమా ప్రసంగానికి మేము ఎన్నుకున్న విషయం విద్యారుణం. ఈ మాట వినగానే తల దించుకునే తండ్రులు ఈ సఫ్‌లలో ఎందరో ఉన్నారని మాకు తెలుసు. కుమారుని చదువు కోసం సంతకం చేసినవారు, ఇల్లు తాకట్టు పెట్టినవారు, భార్య నగలు కుదువ పెట్టినవారు ఉన్నారు. వారిని నిందించడానికి మేము మింబర్ ఎక్కలేదు. ఆ బరువును షరీఅత్ ఏ దృష్టితో చూస్తుందో, దానిని దించే బాధ్యత ఎవరెవరిపై ఎంతెంత ఉందో వివరించడమే మా ఉద్దేశం.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. అమెరికాలో విద్యార్థుల అప్పులు రద్దు చేస్తున్నారట, మా వాడి అప్పు కూడా పోతుందా అని అడిగేవారు ఉన్నారు. అక్కడి కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు ఇచ్చిన అప్పు దాదాపు 1.6 లక్షల కోట్ల డాలర్లు. దానిని మోస్తున్నవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ ఒక్కొక్కరికి 10,000 డాలర్ల వరకు, పెల్ గ్రాంట్ పొందిన పేద విద్యార్థులకు 20,000 డాలర్ల వరకు మాఫీ ప్రకటించారు. 2023 జూన్ 30న ఆ దేశపు సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో ఆ పథకాన్ని కొట్టివేసింది. ఆ పథకం నిలిచి ఉన్నా మన పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు. విద్యార్థి వీసాపై వెళ్లినవారికి అక్కడి ప్రభుత్వ రుణం అసలు లభించదు. హైదరాబాదు నుండి, గుంటూరు నుండి, కర్నూలు నుండి వెళ్లిన పిల్లల అప్పు ఇక్కడి బ్యాంకుల్లో, ఇక్కడి ఫైనాన్స్ సంస్థల్లో, ఇక్కడి బంధువుల దగ్గర ఉంది.

ఆ అప్పు పరిమాణం ఎంతో ఒకసారి లెక్కించి చూడండి. 30 లక్షల రూపాయలు 11 శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 41,300 రూపాయలు కట్టాలి. పదేళ్లకు అది 49 లక్షలు దాటుతుంది. చదువుకునే కాలంలో పెరిగిన వడ్డీ దీనికి అదనం. మన బ్యాంకుల సాధారణ పద్ధతిలో చదువు పూర్తయిన ఏడాది వరకు కిస్తీలు అడగరు గాని, వడ్డీ మాత్రం మొదటి రోజు నుండే లెక్కలో ఉంటుంది. నాలుగున్నర లక్షల లోపు వార్షికాదాయం గల కుటుంబాల పిల్లలు దేశంలోనే చదివితే ఆ కాలపు వడ్డీని భరించే కేంద్ర పథకం 2009లో వచ్చింది. విదేశాల్లో చదివే మైనారిటీ విద్యార్థుల వడ్డీ భరించడానికి తెచ్చిన ‘పఢో పరదేశ్’ పథకాన్ని మాత్రం 2022-23లో నిలిపివేశారు.

మరొక పదం దగ్గర కూడా ప్రజలు పొరబడుతున్నారు. బ్యాంకులు ఇన్ని కోట్లు ‘రైట్ ఆఫ్’ చేశాయని పత్రికలలో చదివి, మన అప్పు కూడా అలాగే పోయిందనుకునేవారు ఉన్నారు. రైట్ ఆఫ్ అనేది బ్యాంకు తన ఖాతా పుస్తకాలలో చేసుకునే సర్దుబాటు. రుణగ్రస్తుని మెడ మీద బాకీ అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నమూ కొనసాగుతుంది. మాఫీ అంటే హక్కుదారు తన హక్కును తెలిసి, ఇష్టపూర్వకంగా వదులుకోవడం. దీనినే ఫిఖ్హ్ పరిభాషలో ‘ఇబ్రా’ అంటారు. బ్యాంకు రుణగ్రస్తునితో ఒప్పందం చేసుకుని, తక్కువ మొత్తం తీసుకుని ఖాతా మూసివేసి పత్రం ఇస్తే, ఆ వదిలిన భాగం విషయంలో అతడు విముక్తుడే. పత్రం లేని విముక్తిని నమ్ముకోవద్దు.

ఇక అసలు విషయానికి వద్దాం. మస్జిదె నబవీలో జరిగిన ఒక సంఘటనను ఇమామ్ బుఖారీ (రహ్మలై) నమోదు చేశారు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి)కు ఇబ్నె అబీ హద్‌రద్ (రజి) బాకీ ఉన్నారు. మస్జిదులోనే వారిని నిలదీశారు, ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇంటిలో ఉన్న దైవప్రవక్త (సఅసం)కు ఆ శబ్దం వినిపించింది. వారు గది తెర తొలగించి, కఅబ్‌ను పిలిచి, సగం వదిలివేయమని చేతితో సైగ చేశారు. కఅబ్ మారుమాట లేకుండా వదిలేశారు. వెంటనే ప్రవక్త (సఅసం) రెండవ వ్యక్తివైపు తిరిగి, లేచి మిగిలినది చెల్లించమని ఆదేశించారు.

సోదరులారా, ఈ సంఘటనలో రెండు ఆదేశాలు ఒకే క్షణంలో వెలువడ్డాయి. మన కాలంలో ఒకరు మొదటి ఆదేశాన్ని, మరొకరు రెండవదాన్ని పంచుకుని వాదించుకుంటున్నారు. అప్పు తీసుకున్నవాడు అంతా మాఫీ చేయమంటాడు. ఇచ్చినవాడు పైసాతో సహా కట్టమంటాడు. ప్రవక్త (సఅసం) తీర్పులో వదిలిన సగం కఅబ్ ఔదార్యం, చెల్లించిన సగం ఇబ్నె అబీ హద్‌రద్ విధి. ‘నేను మునుపు పూర్తిగా కట్టాను గదా, ఇతనికి మాత్రం సగమెందుకు’ అని మదీనాలో మరొకరు లేచి అడిగినట్టు మేము ఎక్కడా చదవలేదు. అమెరికాలో జరిగిన చర్చలో ఈ అభ్యంతరం ఎంతో బలంగా వినిపించింది. ఒకనిపై చూపిన కనికరం మరొకని హక్కును హరించదు.

అయితే రెండవ అభ్యంతరం అంత తేలికగా కొట్టివేయదగినది కాదు. ప్రభుత్వం మాఫీ చేస్తే అది ఎవరి సొమ్ము? కఅబ్ తన సొమ్మును వదిలారు. పాలకుడు వదిలేది ప్రజలు తనకు అప్పగించిన అమానత్. చదువుకోని కూలీ కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా అందులో ఉంది. కనుక పాలకునికి ఆ అధికారం ఉందా అంటే ఉంది, కాని షరతులతో. బద్ర్ యుద్ధ ఖైదీలలో విమోచన ధనం ఇవ్వలేని అక్షరాస్యులు మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే చాలునని నిర్ణయించారు. చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో మదీనా ప్రభుత్వం రావలసిన సొమ్మును చదువు కోసం వదులుకున్నది. తరువాతి కాలంలో ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) ఇరాక్‌లోని తన అధికారికి లేఖ రాస్తూ, బైతుల్‌మాల్‌లో మిగిలిన సొమ్ముతో అప్పులపాలైన వారి బాకీలు తీర్చమన్నారు. వారు పెట్టిన షరతు, ఆ అప్పు దుబారా వల్లగాని, అవివేకం వల్లగాని చేసినది కాకూడదని. అబూ ఉబైద్ ‘కితాబుల్ అమ్వాల్’ గ్రంథంలో ఇది ఉంది. చదువు పేరిట తెచ్చిన అప్పుతో కారు కొన్నవానికి, తండ్రి కిడ్నీ వైద్యానికి ఆగిపోయి కిస్తీ తప్పినవానికి ఒకే కొలత ఉండదు. కేరళ ప్రభుత్వం 2017లో చెల్లించలేకపోయిన విద్యారుణాలలో కొంత భాగం తాను భరించే పథకం తెచ్చింది. అటువంటి పరిశీలన గల సాయాన్ని మేము సమర్థిస్తాము. ఎన్నికల ముందు అందరికీ అంతా అని ప్రకటించే మాఫీని సమర్థించము.

వడ్డీ విషయంలో మా మాట సంక్షిప్తం. వడ్డీ హరామ్, ఇచ్చేవాడూ, తీసుకునేవాడూ, రాసేవాడూ, సాక్షులూ ఆ పాపంలో భాగస్వాములని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఇంకా సంతకం చేయనివారు చేయకండి. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే విదేశీ విద్యా ఉపకారవేతనం 20 లక్షల వరకు ఉంది, అది తిరిగి కట్టనక్కరలేని సాయం. ముందు అటువంటి తలుపులు తట్టండి. ఇప్పటికే ఊబిలో దిగినవాడు తౌబా చేసుకుని, త్వరగా బయటపడే మార్గం వెదకాలి. హరామ్ అప్పు గదా, అసలు కూడా ఎగ్గొడతానంటే అది రెండవ హరామ్. బ్యాంకులో ఉన్నది మరొకరు దాచుకున్న సొమ్ము. చెల్లించే ఉద్దేశంతో అప్పు తీసుకున్నవానికి అల్లాహ్ సహాయం ఉంటుందని, ఎగవేసే ఉద్దేశంతో తీసుకున్నవానిని నాశనం వెంటాడుతుందని హదీసులో ఉంది. షహీద్‌కు సైతం అప్పు తప్ప మిగతా పాపాలన్నీ మన్నించబడతాయన్న మాట యువకులు గుర్తుంచుకోవాలి. దేశం దాటి ఫోన్ నంబరు మార్చుకున్నంత మాత్రాన ఊరిలో హామీ సంతకం చేసిన తండ్రి విముక్తుడు కాడు.

అసలే చెల్లించలేని స్థితి వస్తే ఏమిటి? బఖరా సూరా 280వ ఆయత్‌లో అల్లాహ్ అటువంటివానికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వమని ఆదేశించాడు. వదిలేస్తే ఇంకా మేలన్నాడు. గడువు విధి, మాఫీ పుణ్యం. ఒక సహాబీ కొన్న పండ్ల తోటలో నష్టం వచ్చి అప్పులు మీద పడినప్పుడు, ప్రవక్త (సఅసం) ప్రజలను సదఖా ఇవ్వమన్నారు. అదీ చాలలేదు. అప్పుడు బాకీదారులతో, దొరికినది తీసుకోండి, అంతకు మించి మీకు లేదన్నారు. గమనించండి: ముందు కదిలింది సమాజం.

ఆ సమాజం మనమే. బ్యాంకు మన మాట వినదు, ప్రభుత్వం ఎప్పుడు వింటుందో తెలియదు. కాని మేనల్లుని చదువుకు మామ ఇచ్చిన చేబదులు మామ చేతిలో ఉంది. ఉద్యోగం దొరకక ఇంట్లో కూర్చున్న ఆ కుర్రవానిని పెళ్లిళ్లలో నలుగురి ముందు అడగకండి. మాఫీ చేస్తే మళ్లీ ఎత్తి పొడవకండి; దెప్పిపొడుపు సదఖాను నిష్ఫలం చేస్తుందని ఖుర్ఆన్ స్పష్టం చేసింది.

జకాత్ గురించి తరచుగా అడుగుతున్నారు. తౌబా సూరా 60వ ఆయత్‌లోని ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు ఒక వర్గం. బాకీ పోగా నిసాబ్ మిగలని విద్యార్థికి జకాత్ ఇవ్వవచ్చు. సొంత కుమారునికి, కుమార్తెకు, మనవలకు చెల్లదు. తమ్మునికి, మేనల్లునికి, మేనకోడలికి చెల్లుతుంది. మీకు రావలసిన బాకీ వదిలేసి, దానిని మీ దగ్గరున్న సొమ్ము జకాత్‌గా లెక్కకట్టడం హనఫీ ఫిఖ్హ్‌లో చెల్లదు. జకాత్ సొమ్ము అతని చేతికి ఇచ్చి, దానికి అతనిని యజమానిని చేయాలి. ఆపై అతడు తన ఇష్టంతో మీ బాకీ తీర్చవచ్చు. ఇంకొక విషయం. బ్యాంకు ఖాతాలో వేసే చిన్న చిన్న మొత్తాలు తరచుగా వడ్డీకే జమ అవుతాయి. పదిమంది విడివిడిగా రెండేసి వేలు ఇవ్వడం కన్న, ఒక కుర్రవాని ఖాతా పూర్తిగా మూసేంత మొత్తం కలిసి సమకూర్చడం మేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలో సర్టిఫికెట్లు చిక్కుకున్న పిల్లలు కూడా రుణగ్రస్తులే. ఆ పేద విద్యార్థి అనుమతితో అతని తరఫున ఫీజు కడితే జకాత్ నెరవేరుతుంది. ఎన్నో ఇళ్లలో ఆ కాగితాలు లేకనే ఉద్యోగం ఆగిపోయింది.

చివరగా తండ్రులకు ఒక మాట. పెద్దవాని చదువుకు స్థలం అమ్మినప్పుడు అది కానుకో, అప్పో ఆనాడే చెప్పండి. ఖుర్ఆన్‌లో అన్నిటికన్న పొడవైన ఆయత్ అప్పును రాసుకోమన్నదే. వారసత్వం పంచేముందు మృతుని బాకీలు తీర్చాలన్నది ఖుర్ఆన్ ఆదేశం; పెద్దవాని కోసం తండ్రి పెట్టిన హామీ సంతకం ఆ రోజున చెల్లెళ్ల వాటాలను తినేస్తుంది. అన్న తీసుకున్నది అప్పని తమ్ముళ్లు, కానుకని అన్న వాదించుకుంటూ మా దగ్గరకు వచ్చిన కుటుంబాలలో ఒక్కరి దగ్గరా కాగితం లేదు. ఈ వారమే కూర్చుని రాయండి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి, ఒక ప్రతి కుమార్తెల దగ్గర కూడా ఉంచండి.