పీఎంపీ పరీక్ష: కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఈ మూడూ సరిచూసుకోండి

ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగ ప్రకటనల్లో 'పీఎంపీ ఉన్నవారికి ప్రాధాన్యం' అన్న మాట మీరు చూసే ఉంటారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ అనే ఈ సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికాలో 1969లో ఏర్పాటైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ. పరీక్ష ఫీజే వేల రూపాయల్లో ఉంటుంది. కోచింగ్ ఖర్చు అదనం.

సికింద్రాబాద్ నుంచి అమీర్‌పేట వెళ్లి ముందు కోచింగ్‌లో చేరి, దరఖాస్తు సంగతి చివర్లో చూసుకునేవారు ఎందరో. చేయాల్సింది దీనికి రివర్స్. ముందుగా చూసుకోవాల్సినవి అర్హత, ఆధారాలు, మీ పేరు.

అర్హత ఏమిటి?

బీటెక్ లాంటి నాలుగేళ్ల డిగ్రీ ఉంటే ప్రాజెక్టులు నడిపించిన అనుభవం 36 నెలలు ఉండాలి. ఇంటర్ స్థాయి చదువుతో అయితే 60 నెలలు. దీనికి తోడు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో 35 గంటల శిక్షణ తప్పనిసరి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చేసినా ఒక నెలగానే లెక్కిస్తారు.

ఏది ప్రాజెక్ట్? ఏది కాదు?

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌నే తీసుకోండి. రోజూ రైళ్లు నడపడం, టికెట్లు ఇవ్వడం ఎప్పటికీ సాగే పని. అది ప్రాజెక్ట్ కాదు. అదే స్టేషన్ పునరభివృద్ధికి 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం దాదాపు రూ.720 కోట్లు. ఆ పనికి ఒక మొదలు, ఒక ముగింపు, బడ్జెట్, చివరకు చేతికి రావాల్సిన ఫలితం ఉన్నాయి. అది ప్రాజెక్ట్.

మీ ఉద్యోగాన్నీ ఇలాగే విడదీసి చూడండి. రోజూ వచ్చే ఫిర్యాదులు పరిష్కరించే సపోర్ట్ పని లెక్కలోకి రాదు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారే పనిని మీరు ముందుండి నడిపిస్తే వస్తుంది. మీ హోదా పేరు ప్రాజెక్ట్ మేనేజరే కానక్కర్లేదు. ఐటీ ఉద్యోగం కాకపోయినా ఫర్వాలేదు.

ఆధారాలు ఎందుకు?

కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు ఎంపిక చేస్తారు. మీది అందులో ఉంటే డిగ్రీ, శిక్షణ సర్టిఫికెట్లు, మీరు రాసిన అనుభవాన్ని ధ్రువీకరిస్తూ అప్పటి మేనేజర్ల సంతకాలు ఇవ్వాలి. ఇందుకు 90 రోజుల గడువు ఉంటుంది. అది పూర్తయ్యే దాకా పరీక్ష తేదీ దొరకదు. అందుకే పాత మేనేజర్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. 'అనుభవం మేమే రాసిపెడతాం' అనేవారిని నమ్మొద్దు. సంతకం దగ్గర దొరికిపోయేది మీరే.

పేరుతో ఇబ్బంది ఏమిటి?

మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్కోచోట పొడి అక్షరంగా, ఒక్కోచోట పూర్తిగా ఉంటుంది. పీఎంఐ ఖాతాలోని పేరు, పరీక్ష రోజు చూపే గుర్తింపు కార్డులోని పేరు ఒకేలా ఉండాలి. లేకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు. ఏ కార్డు చూపిస్తారో ముందే నిర్ణయించుకుని, ఖాతాలో అదే పేరు రాయండి. ఫొటోతో పాటు సంతకం కూడా ఉండే పాస్‌పోర్ట్ అయితే మేలు.

ఎలా చదవాలి?

2021 జనవరిలో మొదలైన విధానం ప్రకారం 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు సుమారు 77 సెకన్లు. ప్రశ్నల సరళి అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి తాజా సిలబస్‌ను పీఎంఐ వెబ్‌సైట్‌లోనే చూడండి.

నిర్వచనాలు బట్టీ పడితే సరిపోదు. ఎక్కువగా సందర్భం ఇచ్చి అడుగుతారు. ఉదాహరణకు, కాంట్రాక్టర్ సామగ్రి ఆలస్యం చేశాడు, మీరు ముందుగా ఏం చేస్తారు? ఆఫీసులో అయితే వెంటనే పై అధికారికి ఫోన్ చేస్తాం. ఇక్కడ ఆశించే జవాబు, ఆ ఆలస్యం గడువు మీద, ఖర్చు మీద ఎంత ప్రభావం చూపుతుందో ముందు అంచనా వేయడం. ఏళ్ల అనుభవం ఉన్నవారు తడబడేదీ ఇక్కడే. మాక్ టెస్టులో తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ 'వాళ్ల జవాబు ఎందుకు సరైనది' అని ఒక్క వాక్యం రాసుకోండి. కనీసం రెండు మాక్ టెస్టులు పూర్తి సమయం కూర్చుని రాయండి.

పరీక్ష రోజున..

పియర్సన్ వ్యూ కేంద్రంలో గానీ, ఇంట్లో ఆన్‌లైన్ నిఘాలో గానీ రాయొచ్చు. ఇంట్లో కరెంటు, ఇంటర్నెట్ మీద నమ్మకం లేకపోతే కేంద్రమే మంచిది. మధ్యలో 10 నిమిషాల విరామాలు రెండు ఉంటాయి. విరామం తీసుకున్నాక అంతకు ముందు ప్రశ్నలకు తిరిగి వెళ్లలేరు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కాబట్టి ఏదీ వదలొద్దు.

పాస్ మార్కు ఎంతో పీఎంఐ ప్రకటించదు. ఎవరైనా ఫలానా శాతం చాలని చెబితే అది ఊహే. దరఖాస్తు ఆమోదం పొందాక ఏడాదిలో మూడుసార్లు రాయొచ్చు, కానీ ప్రతిసారీ ఫీజు కట్టాలి. పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి 60 వృత్తి అభివృద్ధి యూనిట్లు చూపిస్తేనే సర్టిఫికెట్ కొనసాగుతుంది.