తోట నుంచి తారల కొండకు: చిన్న సరకు వాహనాల ఎంపిక, వాటి ప్రచారపు తీరు

తెల్లవారుజామున జూబ్లీహిల్స్, ఫిలింనగర్ రహదారులను గమనించినవారికి రెండు రకాల పికప్ వాహనాలు కనిపిస్తాయి. మొదటిది శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల నుంచి టమాట పెట్టెలు, ఆకుకూర కట్టలు, బంతిపూల మూటలు నింపుకొని నగరంలోని రైతుబజార్లకు, కాలనీల దుకాణాలకు చేరే వాహనం. రెండవది భవంతి ముంగిట తళతళలాడుతూ నిలిచి, వారాంతంలో నగర శివారులోని విడిది తోటకు బయలుదేరే వాహనం. ముందు కూర్చునే గది, వెనుక సరకు తొట్టి ఉండటం రెండింటికీ సమానమే. అయితే మొదటిదానిని బరువు మోయడానికి కొంటారు. రెండవదానిని అభిరుచి చాటుకోవడానికి కొంటారు. ఈ రెండు కొనుగోళ్ల వెనుక ఉన్న ప్రచార నీతి వేరు, లెక్క వేరు. చిన్న, సన్నకారు రైతు నాలుగైదేళ్ల రుణ భారాన్ని తలకెత్తుకొని వాహనం కొనే సందర్భంలో ఈ తేడాను వివరించవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలపై ఉన్నది.

తెలుగు నేలపై చిన్న ట్రక్కు చరిత్ర

తెలంగాణ పల్లెల్లో నేటికీ ఓ మోస్తరు సరకు వాహనాన్ని, అది ఏ సంస్థ తయారుచేసినదైనా, ‘డీసీఎం’ అనే పిలుస్తారు. 1980 దశకంలో జపాన్ సంస్థల సహకారంతో మన దేశంలో తేలికపాటి ట్రక్కుల తయారీ మొదలైనప్పుడు డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్ అనే నాలుగు పేర్లు రంగంలోకి వచ్చాయి. వీటిలో డీసీఎం టయోటా సంస్థ కనుమరుగై మూడు దశాబ్దాలు కావస్తున్నా, దాని పేరు మాత్రం జాతివాచకంగా మిగిలిపోయింది. ఒక వ్యాపార నామం భాషలో కలిసిపోవడాన్ని మించిన ప్రచార విజయం ఉండదు.

ఆల్విన్ నిస్సాన్ మన ప్రాంతానిదే. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్ సాంకేతిక సహకారంతో నాటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఈ ట్రక్కులను నిర్మించింది. ఆ దశకం చివరలో ఆ కర్మాగారం మహీంద్రా సంస్థ పరమైంది. 2015లో విడుదలైన జీతో అనే చిన్న సరకు వాహనం అక్కడి నుంచే వెలువడింది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ 2016 ఏప్రిల్‌లో పికప్‌ల కర్మాగారాన్ని ప్రారంభించింది. ఈ విధంగా రెండు తెలుగు రాష్ట్రాలూ పికప్‌లను వాడటమే కాక తయారు కూడా చేస్తున్నాయి.

ఈ రంగం గతిని మార్చినది మాత్రం 2005 మే నెలలో విడుదలైన టాటా ఏస్. రెండు సిలిండర్ల 700 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్ శక్తి, 750 కిలోలు మోయగల సామర్థ్యం, రెండుంబావు లక్షల రూపాయల సమీపంలో ధర దాని ప్రధాన లక్షణాలు. దీని రూపకల్పనకు ముందు సంస్థ బృందం మూడు చక్రాల సరకు ఆటోల యజమానులను కలిసి వారి అవసరాలను తెలుసుకున్నది. నాలుగు చక్రాల బండి ఉంటే పెళ్లి సంబంధాలు మెరుగ్గా వస్తాయని ఒక ఆటో యజమాని చెప్పిన వృత్తాంతం వాణిజ్య శాస్త్ర పాఠాలలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. ‘చోటా హాథీ’గా జనం నోట నానిన ఈ వాహనం బరువు మోసే సాధనంగానే గాక గౌరవ చిహ్నంగా కూడా అమ్ముడయింది.

ఒకే ఆకారం, రెండు విపణులు

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్ ఈ విషయానికి చక్కని ఉదాహరణ. ఒకే కుటుంబానికి చెందిన వాహనాన్ని సంస్థ రెండు విధాలుగా విక్రయిస్తున్నది. రెగ్యులర్ క్యాబ్, ఎస్-క్యాబ్ రకాలు వ్యాపారులను ఉద్దేశించినవి. వీటి ప్రచారంలో సరకు తొట్టి పొడవు, మోయగల బరువు ముందుంటాయి. వీ-క్రాస్ రకం సొంత వాడకందారులను ఉద్దేశించినది. దాని ప్రచారంలో కొండలు, వాగులు, బురద దారులు, నాలుగు చక్రాలకూ అందే శక్తి ముందుంటాయి. 2022లో మన దేశ విపణిలోకి వచ్చిన టయోటా హైలక్స్ కూడా ఈ రెండవ కోవకు చెందినదే. విడుదలనాడే దాని ధర 30 లక్షల రూపాయలను మించింది.

గమనింపదగిన విశేషం ఏమనగా, ఇంతటి ఖరీదైన హైలక్స్‌కు, పల్లెలో తిరిగే బొలెరో పికప్‌కు వెనుక ఇరుసుపై ఉండేవి పట్టీ స్ప్రింగులే. భారాన్ని తట్టుకోవడానికి ఇవి అనువైనవి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఇవే కుదుపును పెంచుతాయి. జూబ్లీహిల్స్ కొనుగోలుదారు ఆ కుదుపును సాహసయాత్రలో భాగంగా స్వీకరిస్తాడు. రైతుకు అదే కుదుపు పండిన టమాటకు దెబ్బగా పరిణమిస్తుంది.

తారల ప్రచారం, పేర్ల ఆకర్షణ

ప్రచార రంగానికి ఫిలింనగర్ పరిసరాలు కొత్తవి కావు. రామానాయుడు స్టూడియో, అన్నపూర్ణ స్టూడియో, తెలుగు ఫిలిం ఛాంబర్ ఈ చుట్టుపక్కలనే ఉన్నాయి. చిత్రీకరణకు దీపాలు, తెరలు, భోజనాలు చేరవేసేవి కూడా చిన్న ట్రక్కులే. తారల ఆదరణ వస్తు విక్రయానికి ఎంత ఉపకరిస్తుందో ఇక్కడివారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వాణిజ్య వాహనాలు సైతం ఈ దారిని అనుసరించాయి. 2017లో టాటా మోటార్స్ తన వాణిజ్య వాహనాల ప్రచారకర్తగా నటుడు అక్షయ్ కుమార్‌ను నియమించుకున్నది.

వాహనాల పేర్లనూ పరిశీలించవచ్చు. అశోక్ లేలాండ్ 2011లో విడుదల చేసిన వాహనం దోస్త్, అంటే స్నేహితుడు. మహీంద్రా జీతో అంటే గెలువు. టాటా యోధా అంటే వీరుడు. కొన్ని రకాలకు మోయగల బరువే పేరులో భాగంగా ఉంటుంది. సాధారణంగా ఈ ప్రకటనలలో కనిపించే కథ ఒకటే: డ్రైవరుగా ఉన్నవాడు యజమాని అవుతాడు, నిండు బరువుతో బండి ఎత్తు ఎక్కుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఇందులో అసత్యం లేకపోవచ్చు. కాని బండి పని లేకుండా నిలిచిపోయే దినాలు ఆ కథలో కనిపించవు. రైతుకు నష్టం తెచ్చేవి ఆ దినాలే.

ప్రభుత్వమే కొనుగోలుదారు అయిన సందర్భమూ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ సరకుల పంపిణీకై 2021 జనవరిలో 9,260 వాహనాలను ప్రారంభించారు. వీటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్ రకానివి. రాయితీపై నిరుద్యోగ యువతకు వీటిని అందజేశారు. 2025 జూన్ 1 నుంచి చౌకధరల దుకాణాల ద్వారా పంపిణీ తిరిగి మొదలైంది. ఒకే పనిని నమ్ముకొన్న వాహనానికి ఆ పని ఆగిన దినాన వేరొక పని సిద్ధంగా ఉండాలన్నది దీని నుంచి గ్రహించవలసిన అంశం.

సామర్థ్యాల పోలిక

ప్రస్తుతం రైతుకు అందుబాటులో ఉన్న వాహనాలను మోయగల బరువును బట్టి మూడు తరగతులుగా విభజించవచ్చు. ముప్పాతిక టన్ను తరగతిలో టాటా ఏస్, మారుతి సూపర్ క్యారీ, మహీంద్రా జీతో వంటివి ఉన్నాయి. 2016లో విడుదలైన సూపర్ క్యారీ 740 కిలోలు మోయగలదు. టన్ను నుంచి టన్నుంపావు తరగతిలో దోస్త్, టాటా ఇంట్రా తొలి రకాలు ఉన్నాయి. టన్నుంబావును మించి రెండు టన్నుల వరకు మోసే తరగతిలో బొలెరో పికప్, ఇంట్రా వీ50 వంటివి ఉన్నాయి. ఇంధనాన్ని బట్టి కూడా సామర్థ్యం మారుతుంది. సీఎన్‌జీ సిలిండర్ల బరువు మేరకు మోయగల సరకు తగ్గుతుంది. 2022లో ప్రకటించిన విద్యుత్ ఏస్ తొలి రకం మోసేది 600 కిలోలు.

ప్రకటనలోని బరువంతా సరకు బరువు కాదని రైతుకు తెలియజేయాలి. ఒక్కొక్క ప్లాస్టిక్ పెట్టెలో 25 కిలోల టమాట పడుతుందని, ఖాళీ పెట్టె బరువు సుమారు 1.8 కిలోలని అనుకొంటే, 750 కిలోల వాహనంలో 30 పెట్టెలకు బదులు 27 పెట్టెలే చట్టబద్ధంగా పడతాయి. కొనుగోలు తరువాత అదనంగా బిగించే ఇనుప చట్రం, పైకప్పు కమ్మీల బరువును కూడా అందులో నుంచే మినహాయించాలి. ఆకుకూరల విషయంలో ఇందుకు భిన్నమైన స్థితి ఉన్నది. అవి తేలిక గనుక బరువు పరిమితి రాకముందే తొట్టి నిండిపోతుంది. కాబట్టి టమాట రైతు చూడవలసినది కిలోలు. ఆకుకూరలు, పూల రైతు చూడవలసినది తొట్టి వైశాల్యం.

నష్టం ఎక్కడ జరుగుతుంది?

లూధియానాలోని కేంద్రీయ కోతానంతర సాంకేతిక సంస్థ 2015లో వెలువరించిన అధ్యయనం ప్రకారం టమాటలో కోత మొదలు విక్రయం వరకు అన్ని దశల్లో కలిపి 12.44 శాతం నష్టం జరుగుతున్నది. ఇందులో రవాణా ఒక భాగం మాత్రమే. వాహనం మార్చినంత మాత్రాన ఈ నష్టమంతా తొలగదు. గోనె సంచులకు బదులు పెట్టెలు వాడటం, పెట్టెలను కదలకుండా బిగించడం, అంచు దాటి నింపకపోవడం, చల్లని వేళ రవాణా చేయడం, ఆకుకూరలపై తడి గోనె కప్పి గాలి తగిలే వీలు ఉంచడం వంటి జాగ్రత్తలు ఏ వాహనానికైనా అవసరమే. వీటికయ్యే వ్యయం నెలవారీ వాయిదాతో పోల్చితే స్వల్పం.

ఖాళీ దినాల లెక్క

కింది లెక్క ఒక ఊహా ఉదాహరణ. వాయిదా, బీమా, డ్రైవరు జీతం కలిపి నెలకు 30,000 రూపాయల స్థిర వ్యయం అవుతుందని, ఒక్కో ప్రయాణంలో 700 కిలోల సరకు వెళుతుందని అనుకుందాం. టమాట కోత మూడు రోజులకొకసారి వచ్చే రైతు నెలకు 10 ప్రయాణాలు చేస్తే 7,000 కిలోలు చేరతాయి. కిలోకు స్థిర వ్యయం 4 రూపాయల 29 పైసలు. అదే వాహనం 25 ప్రయాణాలు చేస్తే 17,500 కిలోలు చేరి, వ్యయం 1 రూపాయి 71 పైసలకు తగ్గుతుంది. డీజిల్ ఖర్చు దీనికి అదనం. టమాట ధర కిలోకు 8 రూపాయలకు పడిపోయిన నాడు మొదటి రైతు రాబడిలో సగానికి పైగా బండి స్థిర వ్యయానికే పోతుంది. రెండవ రైతు నిలదొక్కుకొంటాడు. ఇద్దరి బండి ఒకటే, ఇద్దరూ చూసిన ప్రకటన ఒకటే.

ముగ్గురు రైతులు కోత రోజులు విడివిడిగా ఉండేలా నాట్లు వేసుకొని ఒకే వాహనాన్ని పంచుకొన్నా, రైతు ఉత్పత్తిదారుల సంస్థ వాహనాన్ని కొని అద్దెకిచ్చినా ఈ రెండవ స్థితి సాధ్యమవుతుంది.

చట్టపరమైన జాగ్రత్తలు

2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం అధిక బరువు వేసినందుకు 20,000 రూపాయల జరిమానా, దానిపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు విధించవచ్చు. సరకు వాహనంలో కూలీలను ఎక్కించడం ప్రాణాపాయకరమే గాక, ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారానికి ఆటంకమవుతుంది. కోతల కాలంలో ఈ విషయాన్ని గ్రామసభలలో నొక్కి చెప్పాలి. తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు మొత్తం బరువు గల రవాణా వాహనాలను నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. పైన పేర్కొన్న చిన్న సరకు వాహనాలన్నీ ఈ పరిమితిలోనివే.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఎవెరెట్ రోజర్స్ నూతన ప్రక్రియల వ్యాప్తిపై రచించిన గ్రంథం విస్తరణ విద్యార్థులకు సుపరిచితం. ఒక కొత్తదనం వ్యాపించడానికి సాపేక్ష లాభం, అనుకూలత, సరళత, ప్రయోగించి చూసే వీలు, ఫలితం కంటికి కనిపించడం అనే అయిదు గుణాలు తోడ్పడతాయని ఆయన వివరించారు. వాహన ప్రకటన చివరి గుణాన్ని బలంగా వాడుకొంటుంది. ఇంటి ముందు నిలిచిన కొత్త బండిని ఊరంతా చూస్తుంది. ప్రయోగించి చూసే వీలు మాత్రం ఇందులో అతి తక్కువ. కొత్త విత్తనాన్ని పది సెంట్లలో వేసి చూడవచ్చును గాని, బండిని పదో వంతు కొనలేము. ప్రదర్శనశాల వారిచ్చే పది నిమిషాల నడక నిండు బరువుతో సాగే ఒక పంటకాలానికి సాటి రాదు.

ఈ లోటును పూరించడానికి ఒక పంటకాలం పాటు అద్దె వాహనంతో సరకు చేరవేసి, ప్రయాణాల సంఖ్య, ప్రతిసారీ వెళ్లిన బరువు, దెబ్బతిన్న సరకు, ఖాళీ దినాలు పుస్తకంలో రాసుకోవలసిందిగా రైతుకు సూచించాలి. గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెల్లో ఉండే విద్యార్థులు ఈ పుస్తక నిర్వహణలో తోడ్పడవచ్చు. నెలకు 20 ప్రయాణాలకు తగిన పని నమోదైతే కొనుగోలును పరిశీలించవచ్చు. అంతకన్న తక్కువైతే అద్దె లేదా ఉమ్మడి వాహనమే శ్రేయస్కరం. ప్రాంతాన్ని, వాయిదా మొత్తాన్ని బట్టి ఈ సంఖ్యను సవరించుకోవాలి.

ఫిలింనగర్ నుంచి నేర్వదగినదీ ఉన్నది. అర నిమిషంలో ఒక మనిషి కథ చెప్పి, చూసేవాడు తనను తాను అందులో చూసుకొనేలా చేయడం ప్రకటన కళ. అదే నిడివిలో, స్థానిక మాండలికంలో, బండి అద్దెకు తీసుకొని లెక్క రాసుకొన్న రైతు చేత అతని లెక్కనే చెప్పించే దృశ్యాలను విద్యార్థులు చరవాణితో చిత్రించి రైతు బృందాలకు పంపవచ్చు. వాహనం కొనాలా వద్దా అన్న నిర్ణయం రైతుదే. ఆ నిర్ణయానికి ముందు ప్రకటనతో పాటు ఖాళీ దినాల లెక్క కూడా అతని చేతిలో ఉండేలా చూడటం విస్తరణ సేవల కర్తవ్యం.