ఐదు మూళ్ళు 555!

చిన్న వెబ్ యాప్‌కి రైల్స్ అంత సరంజామా ఎందుకు? రూబీలోనే సినాట్రా ఉంది. నాలుగు లైన్లు రాస్తే సర్వర్ లేచి కూర్చుంటుంది. చిక్కల్లా ఫారమ్ దగ్గరే. అందులో ఎవరైనా 5 కొడితే మన కోడ్‌కి స్ట్రింగ్‌గా అందుతుంది. దాన్ని 3తో గుణిస్తే రూబీ ఎర్రర్ ఇవ్వదు, 555 ఇస్తుంది. క్యాంటీన్ బిల్లయితే గోవిందా!

మరి టైపులు? 2020లో రూబీ 3.0తో ఆర్‌బీఎస్ వచ్చింది. కోడ్ మధ్యలో టైపులు రాయడం రూబీ సృష్టికర్త మాట్జ్‌కి నచ్చదు, అందుకే అవి వేరే ఫైల్లో ఉంటాయి (నాకైతే రెండు ఫైళ్ళు చూసుకోవడం విసుగే). స్టీప్ అనే టూల్ రెండిటినీ పోల్చి తప్పులు చూపిస్తుంది. కానీ కోడ్ నడవకముందే చూసే టూల్‌కి, రేపు బ్రౌజర్ ఏం పంపుతుందో ఎలా తెలుస్తుంది? కాబట్టి లోపలికొచ్చే చోటే నంబర్‌గా మార్చేయాలి. టు_ఐ మాత్రం వద్దు, "రాము" అని కొట్టినా నోరెత్తకుండా సున్నా చేసేస్తుంది. ఇంటీజర్ మెథడ్ అయితే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.